క్యాన్సరు కణాల పరిశోధన – మన జిల్లాల వారికి అందులో ఉన్న సంబంధం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ప్రయోగశాలల్లో పెంచే క్యాన్సరు కణాల గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము కొంచెం వెనకాడిన మాట నిజం. మన సభలో విద్యార్థుల ఉపకారవేతనాల సంగతి, పెళ్లిళ్ల ఖర్చుల సంగతి మాట్లాడుకోవడం అలవాటు గాని, ఇటువంటి విషయం ఎవరికి కావాలి అన్నాం. దానికి ఆయన ఇచ్చిన జవాబు ఇది: "మన ముసలమ్మల నోట్లోంచి ముక్క తీసి పంపిస్తున్నారు. అది ఎక్కడికి పోతుందో, ఏం చేస్తారో వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. కాగితం మీద వేలిముద్ర మాత్రం వేయిస్తున్నారు." ఆ తరవాత మేము మారుమాట్లాడలేదు.

కనుక మన ఊళ్ల నుంచే మొదలుపెడదాం.

అడ్డపొగ అంటే ఇక్కడున్న పెద్దవాళ్లకు వివరించనక్కరలేదు. పట్నాల్లో పుట్టి పెరిగిన పిల్లల కోసం చెబుతున్నాం. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి పీల్చడాన్ని అడ్డపొగ అంటారు. మగవారి కంటె ఆడవారిలో ఈ అలవాటు ఎక్కువ. సముద్రపు గాలికి నిప్పు ఎగరకుండా ఉంటుందని కొందరు, చుట్ట ఎక్కువసేపు వస్తుందని కొందరు, పనిచేసుకుంటూ తాగవచ్చని కొందరు చెబుతారు. తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్నారు. కారణం ఏదైనా కాని వేడి, పొగ తిన్నగా అంగిట్లో తగులుతాయి. అందుకనే లోకంలో మిగతాచోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సరు మన తీరాన అంత అరుదు కాకపోయింది.

దీన్ని వైద్యులు కనిపెట్టడం ఇవాళ్టి ముచ్చట కాదు. బొంబాయిలో ఖానోల్కర్ గారు, సూర్యాబాయి గారు 1945 లోనే మన దేశపు అలవాట్ల వల్ల వచ్చే క్యాన్సర్ల గురించి రాశారు. విశాఖపట్నంలో రెడ్డి, రావు అనే ఇద్దరు వైద్యులు 1957లో కోస్తా ఆంధ్రలో నిప్పుకొస నోట్లో పెట్టుకుని కాల్చే చుట్టకూ అంగిలి క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని ప్రకటించారు. ఆ తరవాత టాటా సంస్థవారు, డెన్మార్కు దేశపు పిండ్‌బోర్గ్ గారు కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్ష చేసి, 1971లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 100కి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. అప్పటి శ్రీకాకుళం జిల్లా అంటే ఇప్పటి చిన్న జిల్లా కాదండోయ్. 1979 జూన్‌లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి అన్నీ అందులోనివే. ఆ పదివేల మంది మన అవ్వలు, తాతలు. నోరు తెరవమంటే తెరిచారు. వాళ్లు తెరిచిన నోళ్ల వల్లే ప్రపంచంలోని దంతవైద్య విద్యార్థులు ఇవాళ మన అడ్డపొగ గురించి పాఠం చదువుతున్నారు. తరవాత శ్రీకాకుళంతో సహా దేశంలో మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారి దగ్గరకు వెళ్లి, మానమని నచ్చజెప్పి, యేటేటా నోళ్లు చూసి, 1986లో ఆ ఫలితాలు కూడా వెల్లడి చేశారు. మానినవారిలో, తగ్గించినవారిలో క్యాన్సరుకు ముందు వచ్చే మచ్చలు తగ్గాయి. ఇదంతా ఏ మందూ మాత్రా లేకుండా.

ఇప్పుడు ముక్క సంగతి. నోట్లో రెండు మూడు వారాలు దాటినా మానని పుండు ఉంటే, తెల్లమచ్చో ఎర్రమచ్చో ఉంటే డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తారు. "ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకిపోతుంది" అనే మాట మన ఇళ్లలో బలంగా ఉంది. నోటి పుండు విషయంలో ఆ భయం అక్కరలేదు. ముక్క తీయకపోతే అది ఏ జబ్బో తేలదు. తేలకపోతే వైద్యం మొదలుకాదు. జబ్బు పాకేది ఆ ఆలస్యంలోనే. మేము ఎరిగిన ఒక ఇంట్లో పెద్దావిడ డాక్టరును సూటిగా అడిగింది: "ముక్క తీసీసి ఏటి సేత్తారు బాబూ?" ఆ రోజు రద్దీలో ఆమెకు జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆవిడ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆవిడకు అప్పుడు దొరకని జవాబే మా ఈ ప్రసంగం అనుకోండి.

మామూలుగా అయితే ఆ ముక్కను ఫార్మలిన్‌లో వేస్తారు. అందులో పడగానే కణాలు చనిపోతాయి. తరవాత మైనంలో పోసి, వెంట్రుక కంటె పలచగా కోసి, రంగువేసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. నూటికి తొంభై పైచిలుకు ముక్కల కథ అంతటితో సరి. ఎక్కడన్నా పరిశోధన జరుగుతూ ఉంటే మాత్రం, ఆ ముక్కలో కొంత ఫార్మలిన్‌లో వేయకుండా, బతికి ఉండగానే ప్రయోగశాలకు తీసుకుపోతారు. అక్కడ కణాలను విడదీసి సీసాలో పెంచుతారు.

ఎలా పెంచుతారు? ఇది మన ఆడవాళ్లకే ముందు అర్థమవుతుంది. పెరుగుకు తోడుపెట్టడం వంటిదే. చదునైన అడుగు ఉన్న పారదర్శకమైన సీసా. అందులో గులాబి రంగు ద్రవం. ఆ ద్రవంలో చక్కెర, లవణాలు, మాంసకృత్తుల ముడిసరుకు, విటమిన్లు, దూడ రక్తం నుంచి తీసిన సీరం ఉంటాయి. మన ఒంటి వేడి ఎంతో అంత, అంటే 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కణాలు అడుగుకు అంటుకుని, ఒకటి రెండై, రెండు నాలుగై, అడుగంతా నిండుతాయి. తిని విసర్జించిన దానితో ద్రవం పులిసి, గులాబి రంగు పసుపుకు తిరుగుతుంది. అప్పుడు కొన్ని కణాలు తీసి కొత్త సీసాలో కొత్త ద్రవంలో వేస్తారు. నిన్నటి పెరుగు ఇవాళ్టికి తోడు, ఇవాళ్టిది రేపటికి తోడు అయినట్టు. ఎక్కువ కాలం దాచాలంటే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజనులో పెట్టి, కావలసినప్పుడు కరిగించి మళ్లీ పెంచుతారు.

ఆ ద్రవంలోని విటమిన్లలో ఒకటి ఫోలిక్ ఆమ్లం. దాన్ని అమెరికాలో లెడర్లే కంపెనీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయించిన బృందానికి పెద్ద మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే విటమినును పోలిన నకిలీ పదార్థాలను కూడా ఆయన బృందమే తయారుచేసింది. కణం నకిలీని అసలనుకుని పట్టుకుంటుంది, పెరగలేక ఆగిపోతుంది. 1948లో బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు ఆ మందుతోనే రక్త క్యాన్సరు వచ్చిన పసిపిల్లల్లో జబ్బు కొంతకాలం అణగడం చూశారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ మన ఆసుపత్రుల్లో వాడుతున్నారు. విషయం నుంచి కొంచెం పక్కకు పోయాం గాని, తెలుగువాడి పేరు వచ్చినప్పుడు చెప్పకుండా దాటిపోవడం మాకు చేతకాదు.

మామూలు కణాలు సీసాలో సుమారు 50 సార్లు రెట్టింపై ఆగిపోతాయని హేఫ్లిక్ అనే శాస్త్రజ్ఞుడు 1961లో చూపించారు. క్యాన్సరు కణాలకు ఆ హద్దు లేదు. అయినా మనిషి క్యాన్సరు కణాన్ని సీసాలో ఎడతెగకుండా పెంచడం 1951 దాకా ఎవరివల్లా కాలేదు. అప్పటిదాకా అన్నీ కొద్దిరోజుల్లో చచ్చిపోయేవి.

1951లో అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ వైద్యం కోసం వచ్చింది. వర్జీనియా రాష్ట్రంలో పొగాకు చేలల్లో పనిచేస్తూ పెరిగిన మనిషి. అయిదుగురు పిల్లల తల్లి. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సరు. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో రేడియం వైద్యం చేసేటప్పుడు ఆమె గడ్డలోంచి ఒక ముక్క తీసి, పరిశోధకుడు జార్జ్ గే గారి ప్రయోగశాలకు ఇచ్చారు. ఆమెను అడగలేదు. ఆ రోజుల్లో అడగడం ఆనవాయితీ కాదు. ఆ కణాలు ఇరవైనాలుగు గంటలకొకసారి రెట్టింపు అవుతూ పోయాయి, ఆగలేదు. ఆమె మాత్రం ఆ సంవత్సరం అక్టోబరు 4న, 31వ యేట, చనిపోయింది. ఆమె పేరులోని మొదటి అక్షరాలతో వాటికి "హీలా" కణాలని పేరు పెట్టారు. గే గారు వాటిని అమ్ముకోలేదు. అడిగిన ప్రతి శాస్త్రజ్ఞుడికీ ఊరికే పంపించారు. కాని తరవాత వచ్చిన కంపెనీలు అమ్మాయి.

సాల్క్ గారి పోలియో టీకాను 1954లో పెద్దఎత్తున పరీక్షించినప్పుడు, టీకా వేసిన పిల్లల రక్తంలో రక్షణ వచ్చిందా లేదా అని తేల్చడానికి ఈ కణాలనే వాడారు. 2014లో మన దేశం పోలియో లేని దేశమని ధ్రువపత్రం అందుకుంది. ఆ టీకాల కథకు మొదట్లో ఈవిడ ఉంది. 1984లో జర్మనీ దేశస్థుడు హారల్డ్ జుర్ హౌసెన్ బృందం గర్భాశయ ముఖద్వార క్యాన్సరులో హెచ్.పి.వి.-18 అనే వైరసును పట్టుకుంది. అదే వైరసు హీలా కణాల్లోనూ కనిపించింది. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వైరసు రాకుండా టీకా కూడా వచ్చింది.

ఇంతా జరుగుతూ ఉంటే ఆమె భర్తకూ పిల్లలకూ ఇరవై ఏళ్ల పైచిలుకు ఏమీ తెలియదు. 1970ల్లో పరిశోధకులు పిల్లల రక్తం కావాలని వచ్చినప్పుడు గాని సంగతి బయటపడలేదు. మా అమ్మ ఇంకా బతికి ఉందా, ఆమెను ఎక్కడన్నా దాచారా అని ఆ పిల్లలు తల్లడిల్లారట. తమ తల్లి కణాలు కొనుక్కునే లోకంలో ఆ కుటుంబానికి ఆసుపత్రి ఖర్చులకు బీమా కూడా సరిగా లేదు. 2013లో ఆ కణాల జన్యువివరాలు మళ్లీ అడగకుండానే అచ్చువేశారు. గొడవ జరిగాక అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ, ఆ వివరాలు ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే సంఘంలో కుటుంబానికి చోటిచ్చింది. 2023లో ఒక పెద్ద కంపెనీ మీద వారసులు వేసిన దావా రాజీతో ముగిసింది.

అడగకుండా తీసుకోవడం ఒక తప్పయితే, ఎవరిదో గుర్తు సరిగా పెట్టుకోకపోవడం ఇంకొకటి. ఇది నేరుగా మన నోటి క్యాన్సరుకు సంబంధించినది, జాగ్రత్తగా వినండి. 1954లో ఒక తెల్లజాతి పురుషుడి నోటి క్యాన్సరు నుంచి పెంచినవంటూ "కె.బి." అనే కణాలు వచ్చాయి. ప్రపంచమంతా నోటి క్యాన్సరు పరిశోధనకు వాటిని వాడారు. 1966లో గార్ట్‌లర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక సభలో బాంబు వేసినంత పని చేశారు. రకరకాల మనుషులవని పేర్లున్న పద్దెనిమిది కణవంశాల్లో ఒకే రకం ఎంజైము కనబడుతోంది, అది ఆఫ్రికా మూలాల వారిలో ఉండే రకం, ఇవన్నీ హీలా కణాలే అయి ఉండాలి అన్నారు. ఎలా జరిగింది? ఒక గిన్నెలో తోడు గరిటె కడగకుండా ఇంకో గిన్నెలో ముంచినట్టే. హీలా బలమైన కణం. ఒక్క చుక్క పడితే చాలు, అసలుదాన్ని మింగేసి తానే నిండుతుంది. కె.బి. కూడా హీలాయేనని తరవాత ఖాయమైంది. అంటే మగవాడి నోటి క్యాన్సరు అనుకుని ఒక స్త్రీ గర్భాశయ క్యాన్సరు మీద పరిశోధన చేశారన్నమాట! కల్తీ విత్తనం కొని పంట పోయిన రైతుకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు. ఇంకా విచిత్రం, ఆ సంగతి తేలిన దశాబ్దాల తరవాత కూడా కె.బి. కణాలను నోటి క్యాన్సరు పేరుతో వాడినవాళ్లున్నారు. ఇప్పుడు జన్యుపరీక్షతో ఏ సీసాలో ఎవరి కణమో తేల్చవచ్చు. మంచి పత్రికలు ఆ రుజువు అడుగుతున్నాయి.

అందుచేతనే మన దేశపు రోగుల నుంచి, మన దేశపు అలవాట్ల వల్ల వచ్చిన జబ్బు నుంచి కణాలు పెంచడం అవసరం. ముంబైలో టాటా మెమోరియల్ వారి పరిశోధన కేంద్రంలో మన రోగుల నాలుక క్యాన్సరు నుంచి కణవంశాలు పెంచారు. పుణెలో జాతీయ కణవిజ్ఞాన కేంద్రం ఇటువంటి కణాలను భద్రపరచి దేశంలోని ప్రయోగశాలలకు పంపిణీ చేస్తుంది. అమెరికా రోగి కణం మీద పనిచేసిన మందు అడ్డపొగ వల్ల కమిలిన అంగిలి మీద అలాగే పనిచేస్తుందని ముందే అనుకోవడం కుదరదు. మనవాళ్ల ముక్కకు ఉన్న విలువ అక్కడుంది. ఇవ్వవద్దని మేము చెప్పడం లేదు. తెలిసి ఇవ్వమంటున్నాం.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా. "ఫలానా ఆకు రసం క్యాన్సరు కణాలను చంపింది" అని అప్పుడప్పుడు పేపర్లో వస్తూ ఉంటుంది. నేలవేము గురించి వచ్చింది, పసుపు గురించి ఎన్నోసార్లు వచ్చింది. ఆ వార్త అబద్ధం కాకపోవచ్చు. కాని చంపింది ఎక్కడ? సీసాలో. సీసాలో ఉన్న కణం మీద ఉప్పు ఎక్కువైన నీళ్లు పోసినా చస్తుంది. మనిషిని చంపకుండా క్యాన్సరును చంపడమే కష్టం. సీసాలో బాగున్నవాటిలో చాలా ఎలుకల దగ్గర ఆగిపోతాయి. అవి దాటినవాటిలో చాలా మనుషుల దగ్గర ఆగిపోతాయి. పేపరు ముక్క చూసి, మొదలుపెట్టిన రేడియేషను మానేసి పసరు మందుకు పోయినవాళ్లు మన సభ్యుల బంధువుల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పి వాళ్ల పిల్లలను బాధపెట్టదలచుకోలేదు.

అడగకపోవడం అనేది 1951 నాటి అమెరికాతో పోయిందనుకోకండి. ఆ వైరసు టీకా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. 2009 జూలైలో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు, పాత్ అనే అమెరికా సంస్థ ఆధ్వర్యంలో 10 నుంచి 14 యేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి దాన్ని వేశారు. వారిలో గిరిజన హాస్టళ్ల పిల్లలు ఎందరో. కొందరు పిల్లలు చనిపోయారని గొడవ కావడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. టీకా మంచిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మేమూ అదే నమ్ముతాం. కాని అనుమతి పత్రాల సంగతి వేరు. తల్లిదండ్రులు ఉండగా వారి బదులు హాస్టలు వార్డెన్లు వందలు కాదు, వేల పత్రాల మీద సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. దీనివల్ల నష్టం ఎవరికి? మంచి టీకా మీద కూడా మన పల్లెల్లో అనుమానం పాతుకుపోయింది. ఒక్కరోజు కూర్చుని తల్లులకు చెప్పి ఉంటే ఆ అనుమానం ఉండేది కాదని మా అభిప్రాయం.

ఇప్పుడు మన సభ్యులు నోటి జబ్బుకు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వాసుపత్రులకో, విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో పోతున్నారు. అక్కడ కాగితం ఇస్తే రెండు రకాలని గుర్తుంచుకోండి. ఆపరేషనుకు, పరీక్షకు ఒప్పుకునే కాగితం ఒకటి. పరిశోధనకు ఒప్పుకునే కాగితం వేరే. రెండోదానికి ఒప్పుకోకపోతే మీ వైద్యం ఆపడానికి వీల్లేదు. ఒప్పుకున్నాక మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమాల ప్రకారం పరిశోధన సంగతి రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువురాని మనిషి వేలిముద్ర వేసేటప్పుడు, ఆ పరిశోధనతో సంబంధం లేని చదువుకున్న సాక్షి పక్కన ఉండాలి. కాగితం నకలు మీకివ్వాలి. ముక్కలో మిగిలింది దాచుకుంటారా, కణాలు పెంచుతారా, ఇంకొక సంస్థకు పంపిస్తారా, పేరు బయటపెడతారా అని అడగండి. మెల్లగా, మర్యాదగా అడగండి. డాక్టర్లలో చాలామంది సంతోషంగానే చెబుతారు. చెప్పేందుకు తీరిక లేనివారుంటే, తీరిక దొరికిన రోజు వస్తామని చెప్పి సంతకం ఆపుకోండి. జబ్బు పరీక్ష కాగితం మాత్రం ఆపవద్దు, అది ఆ రోజే పెట్టండి.

కార్యవర్గం వారు ఒక ఏర్పాటుకు ఒప్పుకున్నారు. ఎవరి ఇంట్లోనైనా ఇటువంటి కాగితం వస్తే సంఘం కార్యాలయానికి తెండి. శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా చదివి తెలుగులో, ఉర్దూలో చెప్పడానికి మన కుర్రాళ్లు ఇద్దరు కూర్చుంటారు. సాక్షిగా ఆసుపత్రికి రావలసివస్తే బస్సు ఖర్చు సంఘానిదే. అవ్వలను తీసుకొచ్చేవారు చుట్ట పెట్టెను ఇంట్లో వదిలి రమ్మని కోరుతున్నాం. కార్యాలయం గది చిన్నది, కిటికీ ఒక్కటే.